కొట్టం వెనక్కి గ్రాండ్ మార్చ్

జూన్ వస్తే మా విస్కాన్సిన్ పల్లెల్లో ఏదో ఒక పాల ఫారం వాళ్ళు ఊరందరికీ పొద్దున్నే టిఫిన్ పెడతారు. ఈసారి వంతు మా అన్న కొడుకు వెర్లిన్‌ది. గేటు మీద బ్యానర్‌లో లిప్‌స్టిక్ పూసుకున్న ఆవు బొమ్మ కన్ను కొడుతోంది. ‘మా ఆవులకి బెంగలేదు, మా పాలకి సాటిలేదు’ అని కింద రాయించాడు. పైన పటారం లోన లొటారం.

నేను అకార్డియన్, అంటే మెడకి తగిలించుకునే హార్మోనియం లాంటిది, వాయిస్తాను. పోల్కా డాన్సు పాటలు వాయించే మా బ్యాండుని ఏటా పాన్‌కేకుల పొయ్యిల పక్కన కూర్చోబెడతారు. వెర్లిన్ మాత్రం మా కుర్చీలు పాత కొట్టానికి ఆనించి వేయించాడు.

“పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఇవ్వకండత్తా. జనం హుషారుగా ఉండాలి” అన్నాడు.

అకార్డియన్ పెట్టె దాచుకుందామని కొట్టం వెనక్కి వెళ్ళాను. బురదలో ఆవు పడి ఉంది. వెనక కాళ్ళు చెరోపక్కకీ చీలిపోయాయి. గొలుసు కట్టి ఈడ్చినట్టున్నారు, నడుము దగ్గర తోలు లేచిపోయింది. నీళ్ళ తొట్టి దాని మూతికి అందనంత దూరంలో ఉంది. నన్ను చూసి అరిచింది. ఆ అరుపు ఎవరికీ వినపడకూడదనే మా పాటలు.

తొట్టి దగ్గరికి లాగితే ఆబగా తాగింది. తిన్నగా వెర్లిన్ దగ్గరికి వెళ్ళాను.

“ఎప్పుడు పడిందిరా?”

“గురువారం. తడి సిమెంటు మీద జారింది. తుంటి పోయింది.”

“ఇవాళ శనివారం. పశువుల డాక్టరుని పిలిచి దాని బాధ తీర్చలేకపోయావా?”

“సూది వేస్తాడు, చస్తుంది. తర్వాత కళేబరాల లారీ రావాలి. టెంట్లవాళ్ళు, పేపరువాళ్ళు తిరుగుతుంటే ఆ లారీని ఎలా రానిస్తాను? మధ్యాహ్నం చూస్తాలే.”

“డాక్టర్ ఆస్టర్‌హౌస్ అదిగో, సాసేజీలు తింటున్నాడు. ఇప్పుడే పిలువు.”

“చిన్నపిల్లలున్నారత్తా. వాళ్ళ ముందు ఇవన్నీ ఎందుకు?”

పిల్లల మీద ఎంత ప్రేమో. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎత్తుకు పెంచిన చేతులతోనే వాడి చెంప పగలగొట్టాలనిపించింది. నోరులేని జీవం అంటాం గానీ, దానికి నోరుంది. దాన్ని నొక్కేది మనమే.

వెనక్కి వచ్చి మైకు అందుకున్నాను. “గ్రాండ్ మార్చ్” అన్నాను.

మా పెళ్ళిళ్ళలో ఆ మాట వింటే మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మ కూడా లేస్తుంది. జంటలు చేతులు కలిపి వరుస కడతాయి. ముందున్నవాళ్ళు ఎటు నడిస్తే అటు నడవాలి. వాయిద్యం ఆగేదాకా వరుస వదలడం మర్యాద కాదు. టెంటు టెంటంతా లేచింది. నేను అకార్డియన్ వాయిస్తూ అందరికంటే ముందు నడిచాను. కొందరు పళ్ళేలతోనే వచ్చారు. వెర్లిన్ మురిసిపోయి చప్పట్లు కొట్టాడు, నేను ఎటు తిరిగానో చూసేదాకా.

“అత్తా, అటు కాదు. దారి ఇటు” అన్నాడు. మొహాన నవ్వు అలాగే పెట్టుకుని నాకు అడ్డం వచ్చాడు.

“వరుసలోకి రారా” అని వాయిస్తూనే కొట్టం మూల తిరిగాను.

ఆవు ఎదురుగా ఆగి, వాయించడం ఆపేశాను. వెనకవాళ్ళు తోసుకుంటూ వచ్చి గుమిగూడారు. ఆవు అరిచింది. డాక్టరు పళ్ళెం పక్కవాళ్ళ చేతిలో పెట్టి ముందుకొచ్చాడు.

“ఎప్పట్నుంచి ఇలా ఉంది, వెర్లిన్?”

“ఇప్పుడే డాక్టర్‌గారూ, పొద్దున్నే...”

“గురువారం నుంచి” అన్నాను.

డాక్టరు వాడి వంక ఒక్కసారి చూసి సూదిమందు తేవడానికి బండి దగ్గరికి పరిగెత్తాడు.

“సొంత మేనత్తవి. నలుగురిలో నా పరువు తీశావు” అన్నాడు వెర్లిన్.

“అది గురువారం నుంచీ ఇక్కడ పడుంటే పోని పరువు, నేను నాలుగడుగులు వేస్తే పోయిందా?”

వాడు వెళ్ళి మైకు పట్టుకుని, ఐస్‌క్రీమ్ ఉచితం, అందరూ టెంటులోకి రండి అని పిలిచాడు.

డాక్టరు సూది వేస్తుంటే నేను బురదలో కూర్చుని దాని మెడ పట్టుకున్నాను. కాసేపటికి తల బరువెక్కి నా ఒళ్ళో వాలింది. తలెత్తి చూస్తే, నా వెనక నడిచి వచ్చినవాళ్ళలో సగంమంది లేరు. లేచి కొట్టం మూల దాకా వస్తే, వాళ్ళంతా ఐస్‌క్రీమ్ దగ్గర వరుస కట్టి ఉన్నారు.