పిల్లి అలిగిన బొమ్మ

నేను పసిపిల్లల తరగతి పంతులమ్మను. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఉంటుంది మరి. నా చోట కూర్చుని చూడమనండి, ఆయనకూ వస్తుంది.

నా బీరువాలో పదకొండు బొమ్మల పుస్తకాలున్నాయి. ఒక్కదానిలోనూ ఒక్క అక్షరం ఉండదు. బొమ్మ చూసి కథ పిల్లలే చెప్పాలి. ఐదేళ్ళొచ్చినా పెదవి విప్పని మా తరగతి బుడ్డిదానికి వాటితోనే నోరు పెగిలింది. పిల్లి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, బడిలో చేరిన నాలుగో నెలలో "పిల్లి" అంది. ఆరో నెలకు ఆ పిల్లి ఇంటి గుట్టంతా బయటపెట్టేసింది. నేను చేసిందల్లా పక్కన కూర్చుని "పర్లేదు, మెల్లగా చెప్పు" అనడమే.

శుక్రవారం పిల్లల్ని పరీక్షించే అధికారి వస్తాడన్నారు. ఆయన ముందు మాట్లాడకపోతే బుడ్డిదాన్ని మాటలు రాని పిల్లల బడికి పంపేస్తారు. వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

గురువారం నేను జ్వరంతో సెలవు పెట్టాను. మా హెడ్మిస్ట్రెస్‌కు ఆ ఒక్కరోజు చాలింది. శుక్రవారం పొద్దున బీరువా తెరిచి పుస్తకాలు తీసి చూశాను. ప్రతి బొమ్మ కిందా ఒక కాగితం ముక్క, దాని మీద టైపు చేసిన వాక్యం. 'పిల్లి కుర్చీ మీద నిద్రపోతోంది.' జిగురు ఇంకా పచ్చిగానే ఉంది.

"అచ్చువేసినవాళ్ళు మాటలు మర్చిపోయినట్టున్నారమ్మా. నేనే రాయించి అంటించాను," అంది ఆవిడ మురిసిపోతూ.

"పదకొండు పుస్తకాల్లోనూ మర్చిపోయారా మేడమ్?"

"ఎంత చేసినా నీకు వంకలే!"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, ఇందుకే! నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క కాగితమైనా పీకేలోపే అధికారి వచ్చి కూర్చున్నాడు. పిల్లి పుస్తకం తెరిచి బుడ్డిదాని ముందు పెట్టాడు.

"ఇందులో ఏముంది పాపా?"

అది నా వైపు చూసింది. నేను తలూపాను.

"పిల్లి నిద్రపోట్లేదు. అలిగింది. వాళ్ళమ్మ చెల్లికే పాలు పోసింది. పిలిచేదాకా కళ్ళు తెరవదంట."

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆయన మాత్రం కాగితం ముక్క చూసి, తల అడ్డంగా ఊపి, రాసుకున్నాడు. తొంగి చూశాను. 'వాక్యంతో సరిపోలేదు. సున్నా.'

"సున్నానా! ఇది కొత్తవాళ్ళ ముందు ఇన్ని మాటలు ఎప్పుడూ చెప్పలేదు సార్!" అని అరిచాను. ఆ కాగితాన్ని పర్రున పీకేసి పుస్తకం ఆయన ముందుకు తోశాను. "ఇప్పుడు మీరు చెప్పండి. ఏముంది ఇందులో?"

హెడ్మిస్ట్రెస్ ముఖం పాలిపోయింది. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"పిల్లి... పిల్లి ఉంది. కుర్చీ..."

అక్కడితో ఆగిపోయాడు. బుడ్డిది లేచి వెళ్ళి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"పర్లేదు, మెల్లగా చెప్పు."

ఆయన కాసేపు దాని ముఖంలోకి చూశాడు. సున్నా కొట్టేసి, పక్కన 'మాట్లాడుతుంది' అని రాశాడు.

మిగతా పది పుస్తకాల్లోని కాగితాలు హెడ్మిస్ట్రెస్ చేతే పీకించాను.