పడవాయన ఎడమచెయ్యి

ఆ ఆటల కంపెనీలో సోమవారం పొద్దున ఎవరూ కొత్త పని ముట్టుకోరు. ముందు పాతవాళ్ళని పలకరించాలి. కింద దర్జీ కొట్లో మిషన్లు టకటకలాడుతుంటాయి. మెట్లెక్కి వచ్చిన ముగ్గురూ ఎవరి టీ వాళ్ళు పట్టుకుని, ఇన్నేళ్ళలో తాము చేసిన నాలుగు వీడియో గేములూ ఒక్కొక్కటే తెరిచి, అందులోవాళ్ళు ఎలా ఉన్నారో చూసుకుంటారు.

చూసుకోవాలి మరి. ఇంకెవరి ఆటల్లోనైనా వీరుడు ఇరవయ్యేళ్ళ తరవాత కూడా ఒక్క వెంట్రుక నెరవకుండా గోడలు దూకుతుంటాడు. వీళ్ళ ఆటల్లోవాళ్ళు మనలాంటివాళ్ళు, ఏడాది తిరిగితే ఏడాది మీద పడుతుంది. మొదటి ఆట 'ఆవలి ఒడ్డు'లో ఒక పడవాయన మనుషుల్ని ఏరు దాటిస్తాడు. అంతే, యుద్ధం లేదు, గెలుపూ లేదు. పన్నెండేళ్ళ కిందట వంటింటి బల్ల మీద చేసిన ఆట అది. రెండోది 'ఆఖరి బండి'. అందులో టికెట్లిచ్చే ఆవిడకి చూపు ఆనడం లేదని ఆడేవాళ్ళే ఉత్తరాలు రాస్తే కళ్ళద్దాలు పెట్టించారు. ఆవిణ్ణి కింద కొట్లో దర్జీ ఆవిడని చూసి గీశారు. ఆ వారమే దర్జీ ఆవిడా కళ్ళద్దాలతో కనిపించింది. బాగున్నాయండీ అన్నారు, టీ తాగారు. మూడో ఆటలో కొండమీద ఉత్తరాలు పంచే మనిషికి మోకాళ్ళ నొప్పులొస్తే మెట్ల పక్కన కమ్మీ వేయించారు. నాలుగో ఆటలో గడియారాలు బాగుచేసే ముసలాయన రెండేళ్ళ కిందట పోయాడు. ఇప్పుడది తెరిస్తే ఖాళీ కుర్చీ, నడుస్తున్న గడియారాలు. జనం ఇంకా ఆడుతూనే ఉన్నారు, కాసేపు ఆ కుర్చీ పక్కన నిలబడి వెళ్ళిపోతుంటారు. దేవుడు మన చేత ఏం చేయిస్తున్నాడో చేసేటప్పుడు మనకేం తెలుస్తుంది చెప్పండి.

ఊళ్ళో దాన్ని అన్నాచెల్లెళ్ళ కంపెనీ అనే పిలుస్తారు. అన్న వెళ్ళిపోయి ఆరేళ్ళైనా ఆ పేరు పోలేదు. ఆటకి ప్రాణం పోసేది అన్న, దానికి కోడు రాసేది చెల్లెలు. మూడో ఆటని ఇద్దరు కలిసి ఆడుకునేలా చెయ్యాలని అన్న ఏడాదిన్నర కూర్చున్నాడు. విడుదలకి మూడు రోజుల ముందు, అది సరిగ్గా నిలబడదని, అన్నకి చెప్పకుండా చెల్లెలు ఆ భాగం మొత్తం తీసేసింది. ఆ సంగతి నిండు సభలో, తెర ముందు నిలబడి ఆటలోకి రెండో మనిషిని రమ్మని పిలిచినప్పుడు గానీ అన్నకి తెలియలేదు. తెరమీదికి ఎవరూ రాలేదు. ఆయన మైకు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఊరి ఆ చివర సైకిళ్ళు బాగుచేసే కొట్టు నడుపుకుంటున్నాడు.

సరే, ఆ సోమవారం సంగతికి వద్దాం. శుక్రవారం అయిదో ఆట విడుదల. ముగ్గురికీ ఊపిరి సలపడం లేదు. పలకరింపులు త్వరగా కానిచ్చేద్దామని చెల్లెలు మొదటి ఆట తెరిచింది. ఏటి నడిమధ్యన పడవాయన ఎడమచేతిలోంచి తెడ్డు జారింది. ఆయన దానికేసి చూశాడు, చెయ్యి చూసుకున్నాడు. ఒక్క నిమిషం. తరవాత మామూలుగా అందుకుని మళ్ళీ తొయ్యడం మొదలెట్టాడు.

"బగ్. కోడులో ఎక్కడో తప్పుంది," అంది చెల్లెలు.

బొమ్మలు గీసే అమ్మాయి ఏదో అనబోయి ఆగింది. ఆ పడవాయన ఎవరో ఆ గదిలో తెలియనిదెవరికి? అప్పట్లో గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చుని, రెండు చీపురుకర్రలు తెడ్లలా ఆడిస్తూ ఆ కదలికలన్నీ ఇచ్చినవాడు అన్నే. "కూర్చోండి, తొందరేం లేదు" అని పడవెక్కినవాళ్ళందరితో అనే గొంతు కూడా ఆయనదే. కానీ ఆరేళ్ళుగా చెల్లెలి ముందు ఆ పేరెత్తితే గదిలో గాలి కూడా కదిలేది కాదు.

చెల్లెలు మధ్యాహ్నానికల్లా తెడ్డు చేతిని వదలకుండా కోడు రాసి, అప్‌డేట్ పంపేసి, కొత్త ఆట మీద పడింది. మంగళవారం తెడ్డు వదల్లేదు నిజమే, చెయ్యే వాలిపోయింది. తెడ్డు అరచేతికి అతుక్కుని వేలాడుతుంటే పడవ గానుగెద్దులా ఉన్నచోటే తిరిగింది. పడవాయనకి ఒంట్లో బాగోలేదా అని అడుగుతూ ఉత్తరాలొచ్చాయి. చెల్లెలు పంతం పట్టి మళ్ళీ సరిచేసింది. బుధవారం పొద్దున శబ్దాలు చూసే పెద్దాయన, అందరూ మావయ్యా అని పిలిచే ఆయన, హెడ్‌ఫోన్లు తీసి ఆమె బల్ల మీద పెట్టాడు.

"విను."

పడవాయన కూర్చోండి అంటున్నాడు. తొందరేం లేదు అనబోతే నాలుక మడతపడింది.

"రికార్డింగు పాడై ఉంటుంది మావయ్యా."

"రికార్డింగు శుభ్రంగా ఉంది. ఇప్పుడే విన్నాను. పడవలోకి వచ్చేసరికి ఇలా ఉంది." మావయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా నాన్నని చూసి గీసిన గడియారాలాయన మన ఆటలో గడియారం జారవిడిచినప్పుడు ఏమనుకున్నాం? బగ్ అనుకున్నాం. ముగ్గురం కలిసి మూడు రోజులు వెతికాం. ఆ మూడు రోజులూ నేను ఇంటికెళ్ళి మా నాన్న పక్కన కూర్చుని ఉండాల్సింది తల్లీ."

చెల్లెలు ఫోను అందుకుంది. అన్నకి ఫోను చేస్తే కట్ చేశాడు. వదినకి చేస్తే, ఆయనకేం, రాయిలా ఉన్నాడు, మీకు తీరిక దొరికిందేమిటి ఇవాళ అంది. చెల్లెలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని బస్సెక్కింది. దారి పొడుగునా దేవుణ్ణి తలుచుకుంటూనే ఉంది. ఏమని అడగాలో తోచక, ఒట్టి పేరే తలుచుకుంది.

అన్న తిరగేసిన సైకిలు ముందు కూర్చుని ఉన్నాడు. వదిన అన్నం గిన్నెలు సర్దుతోంది. అన్న తలెత్తి చూసి, మళ్ళీ చక్రం తిప్పుకున్నాడు.

"విడుదల వారంలో నీకు మనుషులు గుర్తుకొచ్చారే."

ఆమె ల్యాప్‌టాప్ పనిముట్ల పెట్టె మీద పెట్టి తెరిచింది. పడవ మళ్ళీ ఉన్నచోటే తిరుగుతోంది. అన్న చూస్తూ ఉండిపోయాడు. చక్రం తనంతట తనే ఆగింది.

"ఎప్పట్నించి?"

"సోమవారం."

అన్న వదిన వైపు ఒకసారి చూశాడు. "సోమవారం పానా జారిపోయింది," అన్నాడు మెల్లగా. "ఒక్క నిమిషం. తరవాత బాగానే ఉంది. నిన్నా అంతే. ఇవాళ పొద్దున మాట కూడా..."

వదిన చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "నాతో చెప్పాలనిపించలేదా మీకు?"

"చెప్పేంత ఏముందిలే అనుకున్నా."

గంటలో ఆస్పత్రిలో ఉన్నారు. డాక్టరమ్మ మెడ మీద ఏవో పరీక్షలు చేసి, మెదడుకి వెళ్ళే రక్తనాళం దాదాపు మూసుకుపోయిందని, ఇప్పటిదాకా వచ్చినవి హెచ్చరికలని, ఇంకో రెండు రోజులాగి ఉంటే మనిషి మంచం దిగేవాడు కాదని చెప్పింది. ఎలా కనిపెట్టారని అడిగితే వదిన పడవ సంగతి చెప్పింది. డాక్టరమ్మ తలూపి కాగితం మీద రాసుకుంది.

ఆపరేషను శుక్రవారం పడింది. విడుదల కోసం తీసుకున్న హాలు ఖాళీగా ఉండిపోయింది. ఎదురుచూసినవాళ్ళు నానా మాటలూ అన్నారు. బొమ్మలమ్మాయి ఒక్కతే కూర్చుని అందరికీ క్షమాపణలు రాసింది. చెల్లెలు ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని తాను రాసిన రెండు సవరణలూ చెరిపేసింది. తెరమీద పడవాయన పడవని ఒడ్డున కట్టేసి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఛాతీ లేచి పడుతుందా లేదా అని సాయంత్రం దాకా దాన్నే చూస్తూ కూర్చుంది. లోపల్నించి డాక్టరమ్మ వచ్చి చెప్పకముందే, పడవాయన కళ్ళు తెరిచాడు.

చెయ్యి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఎడమ అరచేతిలో పట్టు అరకొరగానే మిగిలింది. రెండు నెలల తరవాత ఒక సోమవారం, అన్న కుడిచేత్తో కమ్మీ పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, కంపెనీ మెట్లెక్కాడు. మావయ్య తన కుర్చీ ఇచ్చాడు. పడవ ఇంకా ఒడ్డునే కట్టేసి ఉంది. ఏటికి అవతల మనుషులు ఎదురుచూస్తున్నారు.

"ఒంటిచేత్తో ఏరు దాటలేడు వాడు," అన్నాడు అన్న.

"పక్కన ఇంకొకరు కూర్చుంటే?" అంది చెల్లెలు, అతని మొహం చూడకుండా. "ఇద్దరు ఆడేలాగా. నువ్వు అప్పుడు చేసింది నేను పారెయ్యలేదన్నయ్యా. తీసి పక్కన పెట్టాను. చెప్పకుండా తీశాను, అది తప్పే."

అన్న ఎడమ అరచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. కింద మిషన్లు ఆగి మళ్ళీ మొదలయ్యాయి.

"దానికెన్నాళ్ళు పడుతుందో తెలుసా నీకు?"

"తొందరేం లేదు," అంది చెల్లెలు.

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఇంకా ఒక్క అక్షరం రాయలేదు. తెరమీద పడవాయన అప్పటికే పక్కకి జరిగి చోటిచ్చాడు.