వేణుగోపాల్ ఎర్ర లైన్లు

వేణుగోపాల్‌కి సర్టిఫికెట్లకేం కొదవ లేదు. పదకొండు. అన్నీ ఆన్‌లైన్ కోర్సులవే, అన్నీ లామినేషన్ చేయించినవే. పాపం, ఉద్యోగాలిచ్చేవాళ్లకే వాటిమీద గౌరవం లేకపోయింది. మూడు ఇంటర్వ్యూల్లోనూ నడవని ప్రోగ్రాం ఒకటి ముందు పడేసి బాగుచెయ్యమన్నారు. తెరమీద ఎర్ర అక్షరాలు కనబడితే చాలు, మనవాడికి కాళ్లూ చేతులూ ఆడవు. చదవడు. అక్కడొకటీ ఇక్కడొకటీ మార్చి, మళ్లీ నొక్కి, దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు. నాలుగోది కూడా పోతే మస్తూరీ అనే పల్లెలో మావయ్య ఎరువుల కొట్లో కూర్చోవడమేనని ఇంట్లో తీర్మానమైపోయింది. కొట్టు తలుచుకుంటేనే వేణుకి ఏడుపొచ్చేది.

తండ్రి త్రినాథరావు ముప్పై నాలుగేళ్లు రైలు నడిపి నిరుడే రిటైరయ్యాడు. ఓ మధ్యాహ్నం కొడుకు పక్కన చేరాడు.

"ఆ ఎర్రగా ఉన్నదేటిరా?"

"తప్పుంటే వస్తాది నాన్నా."

"ఏటి రాసుందందులో?"

"చూళ్లేదు."

"సిగ్నల్ చూళ్లేదని నేనంటే ఇన్నేళ్లు డ్యూటీ చేసుండేవోణ్నేటిరా? ఇంజన్లో సిగ్నల్ని పైకి అంటాం. నేనంటే, అసిస్టెంటు తిరిగి అనాల. చదువు, పైకి."

నెల్లాళ్లు అదే పని. కొడుకు పైకి చదవడం, ముక్క అర్థం కాకపోయినా తండ్రి తిరిగి అనడం.

నాలుగో ఇంటర్వ్యూ వీడియో కాల్లో, మాటలన్నీ హిందీలో. వేణు తలుపేసుకున్నాడు. ఎర్ర అక్షరాలు రానే వచ్చాయి.

"లైన్ ఫార్టీన్. ఫైల్ నాట్ ఫౌండ్," అన్నాడు.

"లైన్ ఫార్టీన్. ఫైల్ నాట్ ఫౌండ్," అంది తలుపవతల గంభీరమైన గొంతు.

ఇంటర్వ్యూ చేస్తున్నావిడ మొహం మాడిపోయింది. "ఎవరో అందిస్తున్నారు. ఇక్కడితో ఆపేద్దాం."

వేణు గబగబా తలుపు తీశాడు. లుంగీ, బనీనులో త్రినాథరావు నిటారుగా నిలబడున్నాడు.

"మా నాన్న, మేడమ్. రైలు నడిపేవారు. నేనన్నది తిరిగి అంటారంతే. అలవాటు."

"ఆయనకి ప్రోగ్రామింగ్ వచ్చా?"

"ఏమీ రాదు మేడమ్," అన్నాడు త్రినాథరావు హిందీలో. అంతటితో ఊరుకోవచ్చుగా. తెరవైపు చూశాడు. "కానీ ఎర్ర లైన్లు రెండున్నాయి. వీడు ఒకటే చదివాడు."

నిజమే. ఫైలు కోసం ఏ ఫోల్డర్లో వెతికిందో రెండో లైన్లోనే ఉంది. తప్పు ఫోల్డరు. వేణు సరిచేశాడు, ప్రోగ్రాం నడిచింది.

ఆవిడ త్రినాథరావుని ఇంట్లోంచే బయటికి పంపించి, ఇంకో ప్రోగ్రాం ఇచ్చింది. ఈసారి వేణు రెండు లైన్లూ పైకి చదివి, అలవాటుకొద్దీ ఆగాడు. ఎవరూ పలకలేదు. కొట్లో ఎరువు బస్తాలు కళ్లముందు కనబడ్డాయి.

"లైన్ ట్వంటీ టూ," అంది ఆవిడ నెమ్మదిగా, వాడు చదివిందే తిరిగి చదువుతూ. "ఊఁ, కానియ్."

వేణు బాగుచేశాడు.

సోమవారం నుంచి ఉద్యోగం. వీధిలో పచార్లు చేస్తున్న త్రినాథరావుకి ఆ మాటా, ఆవిడ తిరిగి చదివిన సంగతీ చెబితే, జీతం అడగలేదు, ఊరు అడగలేదు.

"ఆవిడ రెండో లైను కూడా అన్నాదేటిరా?" అనడిగాడు.