సంగమేశ్వర, చిరాగ్‌పల్లి

నాగప్ప సైకిల్ చక్రాలకు గాలి కొట్టి, గంట మూతను ఖాకీ చొక్కా అంచుతో మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. ఎర్ర సైకిల్ సర్కారుది, గంట మాత్రం ఆయన సొంతం. టెలిగ్రాంలు పంచే ఉద్యోగంలో చేరిన కొత్తలో హుషారుగా దాన్ని మోగించుకుంటూ ఒక ఇంటి ముందు ఆగితే, కాగితం విప్పకముందే ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. టెలిగ్రాం అంటే చావు కబురే కదా మరి! ఆనాటి నుంచి వీధి మొదట్లోనే దిగి, దొంగలా నడిచి వెళ్లడం అలవాటైంది. బక్కపలచని మనిషి, నెరిసిన మీసాలు, కాస్త వంగిన వీపు. మంచివాడేనంటారు గానీ పెళ్లిళ్లకు ఎవరూ పిలవరు. ఈ సాయంత్రం రిటైరవుతున్నాడు. ఒక్క మంచి కబురైనా గడప దాకా గంట కొట్టుకుంటూ మోసి మరీ వెళ్లిపోవాలని ఆయన ఆశ.

ఆ ఆశకు ప్రాణం పోసింది పార్వతమ్మ. అల్లం పండించే ఆమెకు భర్త పోయాక బొంబాయి ధర తెలిసే దారి లేకపోయింది. ధర చెప్పే టెలిగ్రాం ‘సంగమేశ్వర, జహీరాబాద్’ అన్న రిజిస్టర్ చిరునామాకు, అంటే టెలిగ్రాంల కోసం రుసుం కట్టి రాయించుకున్న పొట్టి పేరుకు వస్తుంది. అది మరిది మాణిక్ దుకాణం. అతను ముందు చదువుకుని, తన సరుకు అమ్ముకుని, ఆనక తీరిగ్గా వదినకు చెప్పేవాడు. తనకూ ఒక చిరునామా కావాలని ఆమె జహీరాబాద్ ఆఫీసుకు వెళ్లి, ఇలవేల్పు సంగమేశ్వరుడి పేరే కావాలని పట్టుబట్టింది. ఒక ఊళ్లో ఒక పేరు ఒక్కరికే ఇస్తారు. పోనీ వేరేది అంటే లక్ష్మి, గణేశ్, హనుమాన్ అందరినీ షావుకార్లు ఎప్పుడో రాయించేసుకున్నారు. ఆ ఊళ్లో ఖాళీగా ఉన్న దేవుడే లేడు!

ఈ ఏడు ఆమె ఊరు చిరాగ్‌పల్లి పోస్టాఫీసుకూ టెలిగ్రాం సౌకర్యం వచ్చింది. నాగప్పనూ ఇక్కడికే వేశారు. పోస్టుమాస్టరు శివకుమార్ పార్వతమ్మను పిలిపించి చెప్పాడు: “పేరు ఎనక ఊరు మారింది గదమ్మా. సంగమేశ్వర జహీరాబాద్ మాణిక్‌ది. సంగమేశ్వర చిరాగ్‌పల్లి నీది. ఇగ లొల్లేముంది?”

ఆమె ఊరంతా బెల్లం పంచింది.

మొదటి టెలిగ్రాం ఈ రోజే రావాలి. మాణిక్ తన కబురు పొద్దున్నే చదువుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి వదిన వాకిట్లో కాంటా కట్టి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ధర తెలియకపోతే అతను చెప్పిన రేటుకే ఇస్తానని ఆమె మాటిచ్చేసింది.

మధ్యాహ్నం కాకముందే పోస్టాఫీసులో ఫోను మోగింది, జహీరాబాద్ నుంచి టెలిగ్రాం చదివి చెబుతున్నారు. శివకుమార్ ఒక్కొక్క అక్షరం అడిగి రాసుకుంటుంటే నాగప్పకు కాలు నిలవలేదు.

“ఉరుకు నాగప్పా!”

లారీలను తప్పించుకుంటూ సైకిల్ హైవే దాటింది. వీధి మొదట్లో అలవాటుకొద్దీ కాళ్లు దిగబోయాయి. ఆయన దిగలేదు. బొటనవేలితో గంట నొక్కాడు. ట్రింగ్! ట్రింగ్! ట్రింగ్!

“అయ్యో, ఎవరు పోయిన్రురో నాగప్పా!” పార్వతమ్మ అత్త గంగమ్మ వాకిట్లో కూలబడి శోకాలు మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు ఉరికి వచ్చారు. మాణిక్ కూడా కాంటా వదిలేసి, “బీదర్ల పెద్దమ్మనే పోయింది కావచ్చు” అని తలపాగా తీసి ఏడ్చాడు.

“ఎవ్వరు పోలేదవ్వా! అల్లం ధర ఎక్కింది!” నాగప్ప గొంతు చించుకున్నాడు.

పార్వతమ్మ కాగితం లాక్కుని, చదవడం రాక మళ్లీ ఆయనకే ఇచ్చింది. “జర చదువు అన్నా, పైనుంచి చదువు.”

“సంగమేశ్వర, చిరాగ్‌పల్లి” అని ఆయన చదివాడు. ఆమె మళ్లీ చదివించుకుంది. ఆ తర్వాతే ధర అడిగింది, విని మరిది వైపు తిరిగింది.

“మాణిక్, ఏడ్చింది చాలు. కాంటా ఎత్తు. సరుకు బొంబాయికే పోతది.”

వాకిలంతా నవ్వింది. మాణిక్ మొహం చూసి, కళ్లు తుడుచుకుంటూనే గంగమ్మ కూడా నవ్వింది. పార్వతమ్మ బెల్లం ముక్క తెచ్చి నాగప్ప చేతిలో పెట్టింది. ఎన్ని చావులు మోసినా చెమ్మగిల్లని కళ్లు అప్పుడు చెమ్మగిల్లాయి. సంతోషం అంటే ఇదన్నమాట అనుకున్నాడు.

సాయంత్రం సైకిల్ ఆఫీసులో అప్పగించి, ఎవరికీ చెప్పకుండా అక్క ఉన్న హుమ్నాబాద్ బస్సెక్కాడు. దీపాలు పెట్టేవేళ లోపలి నుంచి వచ్చిన పార్వతమ్మ గడప దగ్గర ఆగిపోయింది. తలుపు చట్రానికి సైకిల్ గంట బిగించి ఉంది, దాని మీద బొటనవేలంత బెల్లం మరక.