చివరి చరణానికి ముందు

ఇష్టమైన రాక్ పాటలు చెప్పమంటే నేను ముందు వేరేవాళ్ళవే చెప్తాను. మా దక్షిణ ఆస్ట్రేలియాలోనే పోర్ట్ పిరీ నుంచి వచ్చిన లాంగ్ జెట్టీ బృందం వాళ్ళ 'సీసం వాన' ఒకటి. వాళ్ళు ముగ్గురూ కొలిమి పని దిగి, మొహాన మసి ఉండగానే స్టేజీ ఎక్కేవాళ్ళు. ఆ రికార్డులో గిటారు కాస్త శ్రుతి తప్పి ఉంటుంది. సరిచేసి ఉంటే ఆ పాట ఎప్పుడో చచ్చిపోయేది. ఇంకొకటి అడిలైడ్ అమ్మాయిలది, మిసెస్ గ్రేవీ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ 'ట్రామ్ ఆఖరి స్టాపు'లో పాడే పిల్ల మాట పూర్తికాకముందే ఊపిరి అయిపోతుంది, అయినా ఆగదు. ఆ పిల్ల గొంతు వింటే ఈ వయసులో కూడా నాకు ఎవరితోనో ఒకరితో పోట్లాడాలనిపిస్తుంది.

మూడోది మాది. పాట పేరు 'కింది ఇల్లు'. మా బృందం పేరు స్కింప్స్. మా మూంటా ఊళ్ళో రాగి గనులు మూతపడ్డాక మిగిలిన మట్టిగుట్టల్ని స్కింప్స్ అంటారు. గడ్డి మొలవదు, వాన పడితే ఎర్రగా కారతాయి. మేం ముగ్గురం ఆ గుట్టల మీద జారుతూ పెరిగినవాళ్ళమే. డెన్‌జిల్ కిట్టో పాటలు రాసి, పాడి, గిటారు వాయించేవాడు. డ్రమ్ములు కోల్ ట్రెంబాత్. బేస్ గిటారు నేను, వెర్నాని.

డెన్‌జిల్ పాట మొదలుపెట్టడానికి ఒకటీ రెండూ అని లెక్కపెట్టేవాడు కాదు. బూటు మడమతో నేల మీద కొట్టేవాడు. రెండు నిదానంగా, రెండు గబగబా. టక్, టక్, టక్‌టక్. అంతే, మేమిద్దరం అందుకోవాలి. పబ్బులో వందమంది అరుస్తున్నా ఆ మడమ మాకు వినపడేది. చెవికి కాదు, అరికాళ్ళకి.

'కింది ఇల్లు' వాళ్ళ ముత్తాత మీద రాశాడు. కార్న్‌వాల్ నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ గనిలో దిగిన మనిషి. పైన పెళ్ళాం పళ్ళెం పెట్టుకుని కూర్చుంటుంది, కింద మొగుడు ఇదిగో వస్తున్నా అంటాడు, పాటంతా అదే. చివరి చరణానికి ముందు మొత్తం ఆగిపోతుంది. గిటారు లేదు, డ్రమ్ము లేదు, ఏమీ లేదు. విన్నవాళ్ళు రికార్డు మీద సూది ఎగిరిందేమో అనుకునేంతసేపు. ఆ ఖాళీ మీద డెన్‌జిల్‌కి ప్రాణం. అడిలైడ్‌లో రికార్డు చేసినరోజు, అలవాటుకొద్దీ మడమ కొడతానేమోనని వాడు బూట్లు విప్పి తలుపు బయట పెట్టి, మేజోళ్ళతో నిలబడి పాడాడు. ఒక మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. కోల్ అది చూసి నవ్వాపుకోలేక రెండుసార్లు పాట పాడుచేశాడు. అందుకే నాకు అంత బాగా గుర్తు.

ఆ పాట మమ్మల్ని కాస్త పైకి తెచ్చింది. రేడియోలో వేశారు. రెండేళ్ళపాటు ఊరూరా తిరిగాం.

తర్వాత ఒక ఆదివారం, దగ్గర్లోని వాలరూ ఊళ్ళో హోటల్లో సాయంత్రం మా కచేరీ ఉందనగా, డెన్‌జిల్ వాళ్ళమ్మ ఇంట్లో భోంచేసి, ఎప్పటిలాగే తల తేలిక చేసుకొస్తానని గుట్టల వైపు నడిచాడు. తిరిగి రాలేదు.

వారంపాటు ఊరంతా వెతికింది. పాత గని బావులకి కట్టిన కంచెలు ఎక్కడా తెగలేదు. మూతలు కదల్లేదు. తాళ్ళు కట్టుకుని దిగినవాళ్ళు కొంతదూరం పోయి, కింద అంతా నీళ్ళేనని పైకొచ్చారు. వాడి చొక్కా గుండీ కూడా దొరకలేదు. అమ్మాయితో పారిపోయాడన్నారు కొందరు. అప్పులవాళ్ళని ఎగ్గొట్టాడన్నారు ఇంకొందరు. వాడికి అమ్మాయీ లేదు, అప్పూ లేదు. కోల్, నేను వాద్యాలు మూసేశాం. కోల్ బార్లీ లారీలు తోలుకునే పనిలో చేరాడు. నేను పక్క ఊరు కడీనాలో స్కూలు పిల్లలకి సంగీతం చెప్పుకుంటూ ఉండిపోయాను.

ఏడాది దాటాక ఒకరోజు కడీనాలో రొట్టెల దుకాణంలో నిలబడి ఉన్నాను. రేడియోలో 'కింది ఇల్లు' వచ్చింది. వెళ్ళిపోదామనుకున్నాను గానీ నా వంతు దగ్గరపడింది. పాట ఆగే చోటు వచ్చింది. ఆ ఖాళీలో వినపడింది. టక్, టక్, టక్‌టక్.

గోడ వెనక ఎవరో కొట్టారనుకున్నాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయిని అడిగితే, ఆ పాటలో తనకి నచ్చేదే ఆ చప్పుడంది. ఆ అమ్మాయి కూడా వేలితో బల్ల మీద కొట్టి చూపించింది, సరిగ్గా అలాగే.

ఇంటికెళ్ళి నా రికార్డు పెట్టాను. ఉంది. సూది తీసి, దుమ్ము తుడిచి మళ్ళీ పెట్టాను. ఉంది. గది మూలనుంచి వచ్చినట్టు కాదు, స్పీకరులోంచి వచ్చినట్టూ కాదు. ఎక్కడో దిగువనుంచి.

కోల్ ఇంటికి పోయాను. వాడు లారీ కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. విషయం చెబితే బయటకి రాలేదు. కిందనుంచే అన్నాడు, "నువ్వు కూడా విన్నావా? నాకే పిచ్చెక్కిందనుకుని మా ఆవిడకి కూడా చెప్పలేదే."

ఇద్దరం కలిసి, ఆ పాట రికార్డు చేసినాయనకి ఫోన్ చేశాం. ఆయన ఓపికగా అసలు టేపు తీసి విన్నాడు. అది మొదట్నుంచీ ఉన్నదే కదా, డెన్‌జిల్ మడమ కదా, మీరక్కడే ఉన్నారు కదా అన్నాడు. డెన్‌జిల్ ఆ రోజు మేజోళ్ళతో ఉన్నాడని చెప్పాను.  మనిషి పోయిన దుఃఖంలో ఇలాంటివి తారుమారవుతాయమ్మా అని ఫోన్ పెట్టేశాడు.

అందరిదీ అదే మాట. మొదట్నుంచీ ఉన్నదే. పబ్బుల్లో మా పాట వాయించే కుర్రవాళ్ళు ఆ చోటు రాగానే ఆగేవాళ్ళు, జనమంతా బూట్లతో నేలని కొట్టేవాళ్ళు. టక్, టక్, టక్‌టక్. ఒకసారి వాలరూలో చూశాను. గ్లాసులు వణికాయి. అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం కింద పడుకున్నవాణ్ణి పైనుంచి తొక్కుతున్నట్టుగా అనిపించి, బయటకొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను.

ఆ చలికాలంలో డెన్‌జిల్ తల్లి నాకు కబురు పంపింది. పేరు లెటీ. ఊళ్ళో పిల్లలందరికీ లెటీ అత్త. భర్త పోయి చాలాకాలమైంది. తెల్లటి చిన్న ఇల్లు, దాని వెనకనుంచే గుట్టలు మొదలవుతాయి. భక్తిపరురాలు, రాక్ పాటలు సైతాను కడుపునొప్పి అనేది. అయినా మాకు తన బట్టలుతికే రేకుల కొట్టం ఇచ్చింది, మేం మొదట అందులోనే నేర్చుకున్నాం. చెవుల్లో దూది పెట్టుకుని మరీ మాకు మాంసం కూరిన పాస్టీలు కాల్చి పెట్టేది.

నేను వెళ్ళేసరికి కోల్ అప్పటికే వంటింట్లో కూర్చుని ఉన్నాడు. టీ ముట్టుకోలేదు. లెటీ అత్త గిన్నెలు తుడుస్తూ, మా వైపు చూడకుండా, రేడియోలో విన్నానంది. మొదటిసారి విన్నప్పుడే తెలిసిందంది.

"ఈ రికార్డు నాకు వాడే తెచ్చిచ్చాడు. వాడెదురుగా దూది తీసి మొత్తం విన్నాను. అక్కడేం లేదు. నోరెండిపోయేంత నిశ్శబ్దం. మధ్యలో ఇదేంట్రా, చెడిపోయిందా అంటే వాడు పడీపడీ నవ్వాడు."

కోల్ తల వంచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ మేమిద్దరమే అనుకున్నది మూడో మనిషి నోట వినడం ఎంత ఊరటో చెప్పలేను.

"వాడు మడమ కొడితే మీరేం చేసేవాళ్ళు?" అంది.

"అందుకునేవాళ్ళం అత్తా" అన్నాడు కోల్.

"మరి వాడు కొడుతూనే ఉన్నాడు. మీరు అందుకోవట్లేదు."

రికార్డులో మేం అందుకుంటూనే ఉన్నాం కదా అన్నాను. ఆవిడ గుడ్డ పక్కన పెట్టింది. అది అప్పటి మీరు, వాడు పిలుస్తున్నది ఇప్పటి మిమ్మల్ని, అంది. పొద్దెక్కిందిరా, లేవండిరా అని, కొట్టంలోనే నిద్రపోయిన రోజుల్లో మమ్మల్ని లేపినప్పటి గొంతే.

మర్నాడు మధ్యాహ్నం వాద్యాలు తెచ్చాం. కొట్టంలో సామాన్లు ఆవిడ అప్పటికే సర్దేసింది. రాగి బాన, ఉతుకుడు బల్ల ఒక పక్కకి జరిపి, మేం ఎక్కడ నిలబడేవాళ్ళమో అక్కడే చోటు చేసింది. డెన్‌జిల్ నిలబడే చోట ఏమీ పెట్టలేదు. కింద సున్నపురాయి నేల. బయట మబ్బు పట్టి ఉంది, వాన లేదు. ఆవిడ తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఈసారి దూది పెట్టుకోలేదు.

ఎవరు పాడతారని కోల్ అడిగితే, ఎవరూ పాడొద్దంది.

గొంతూ గిటారూ లేకుండా ఆ పాట ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. ఇల్లు కూలిపోయి, గుమ్మాలు మాత్రం నిలబడ్డట్టుగా ఉంది. మొదట్లో నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. రెండో చరణానికల్లా దారిలో పడ్డాయి. కోల్ కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. ఖాళీ వచ్చింది. ఆగాం.

తీగలు మోగకుండా అరచేయి అడ్డం పెట్టాను. గాలికి పైన రేకు ఒకటి కొట్టుకుంది. ఎక్కడో కాకి అరిచింది. అంతే. ఆ ఖాళీ ఎంతసేపుండాలో అంతసేపూ అయిపోయింది, దాటిపోయింది. నేను లెటీ అత్త మొహంలోకి చూడలేక నేలకేసి చూశాను. కోల్ కర్రలు దించబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఉండమంది.

చెవికి వినపడకముందే నా చేతికి తెలిసింది. అరచేతి కింద తీగలు కదిలాయి, ఎవరో గిటారు కొసన వేలితో మీటినట్టు. తర్వాత అరికాళ్ళలోకొచ్చింది. తర్వాతే చప్పుడు. టక్. టక్. డెన్‌జిల్ నిలబడే చోట రాతి మీద సున్నపు పొడి చిన్నగా ఎగిరి పడింది. టక్‌టక్.

కోల్ అందుకున్నాడు. భయంతో కాదు, అలవాటుతో. నేనూ అందుకున్నాను. ఆ చరణం మేం ఎప్పుడూ అంత బాగా వాయించలేదు. మధ్యలో గిటారు వినపడిందా అంటే, లేదనే చెప్తాను. కానీ గిటారుకి చోటు వదిలి వాయించాను. ఆ చోటు ఖాళీగా ఉన్నట్టు నాకనిపించలేదు.

అయిపోయింది. కోల్ ఇత్తడి తాళాల మోత సన్నగిల్లాక, నేల కింద నడక వినపడింది. తొందర లేని నడక, మడమ ముందు ఆనించి వేసే నడక. కొట్టం గోడ కిందుగా దాటి బయటికి పోయింది. లెటీ అత్త లేచి తలుపు తెరిచింది. పెరట్లో నేలని చూస్తూ, కంచె దాకా, కంచె దాటి గుట్టల దాకా చూపు పోనిచ్చింది, వీధిలో పోయే మనిషిని సాగనంపుతున్నట్టు. నడక పడమటి వైపు, సముద్రం వైపు పోయింది. నాకు వినపడటం మానేశాక కూడా ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది.

"సరే నాయనా," అంది చివరికి. "వెళ్ళిరా."

తర్వాత లోపలికి పోయి పొయ్యి వెలిగించింది.

నేను ఇంటికొచ్చి రికార్డు పెట్టాను. ఆ చోట ఏమీ లేదు. శుభ్రంగా, మునుపటి నిశ్శబ్దం. సంతోషంతో పొద్దున్నే కోల్ దగ్గరికి పరిగెత్తాను. చప్పుడు పోయిందిరా అన్నాను.

"ఏ చప్పుడు?" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడేమోనని కాసేపు చూశాను. కాదు. నిన్న లెటీ అత్తకి మనశ్శాంతిగా ఉంటుందని ఇద్దరం వాయించి వచ్చామని మాత్రం తెలుసు వాడికి. అడిలైడ్ ఆయనకి ఫోన్ చేశాను. ఆ ఖాళీ డెన్‌జిల్ పట్టుబట్టి ఉంచిందే కదమ్మా, అందులో ఏం ఉంటుంది అన్నాడు. రొట్టెల దుకాణం అమ్మాయి నన్ను వింతగా చూసింది. పబ్బులో కుర్రవాళ్ళు ఆ చోటు రాగానే ఆగితే, జనం ఊపిరి బిగపట్టి కూర్చున్నారు. ఒక్క బూటు కూడా కదల్లేదు.

లెటీ అత్త దగ్గరికి పోయాను. ఆవిడ కూడా మర్చిపోయి ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు. పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి, క్లిప్పు నోట్లోంచి తీసి, నీకు గుర్తుందన్నమాట అంది. పోనీలే, ఇద్దరం ఉన్నాం, అంది. తడి దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది.

ఆవిడ ఇంకా తొమ్మిదేళ్ళు బతికింది. కొడుకు పోయాడని అప్పట్నుంచీ మామూలుగా చెప్పేది, ఎవరైనా అడిగితే. చర్చిలో వాడి పేరిట ప్రార్థన చేయించింది. ఆవిడ పోయాక ఇక నేనొక్కదాన్నే.

కోల్, నేను మళ్ళీ వాయించడం మొదలుపెట్టాం. కొత్త పిల్లవాడొకడు పాడతాడు, గట్టిగా ఒకటీ రెండూ అని లెక్కపెడతాడు. మంచి గొంతు. మొన్న పోర్ట్ బ్రౌటన్‌లో పెళ్ళి విందుకి సామాను దించుకుంటున్నప్పుడు, కోల్ పెద్ద డ్రమ్ము తోలు బిగిస్తూ ఉన్నట్టుండి ఆగాడు.

"వెర్నా, ఒకటడుగుతాను, నవ్వకు. ఆ రోజు అత్త కొట్టంలో మనతోపాటు ఇంకెవరన్నా వాయించారా?"

"వాయించారు" అన్నాను.

వాడు తల ఊపాడు. ఎవరని అడగలేదు. తోలు మీద వేలితో తట్టి, శ్రుతి చూసుకుని, ఇంకొక చుట్టు బిగించాడు.