దూది గది కిటికీలు

చెల్లెలు కుప్పకూలింది. దూది మీద పడింది కనుక చప్పుడైనా కాలేదు.

"అది నిమిషం బయట నిలబడొస్తానంటే తలుపు తియ్యవా? నువ్వు మనిషివేనా?" అక్క మేస్త్రీ మీదికి లేచింది. ఆమె నోటికి జడిసి అందరూ బూరుగుముల్లు అంటారు. ఆ చెట్టు మాను నిండా ముళ్ళే మరి.

"తీస్తే దూది ఎగిరిపోతుంది. కంట్రాక్టరు గారి రూలు, నన్నేం చెయ్యమంటావు?"

బూరుగు కాయలు పగలగొట్టి, దూదిని కర్రలతో బాది గింజ విడదీసే గది అది. ఆ దూదితో దిండ్లు కుడతారు, పడవల వాళ్ళు నీళ్ళలో మునగకుండా తొడుక్కునే కోట్లూ కుడతారు. అక్కడ ప్రాణం నిలిపే దూది ఇక్కడ నలభై మంది ఊపిరి తీస్తోంది. ఆరు కిటికీలూ ఏడాది పొడుగునా మూసే ఉంటాయి.

చెల్లెల్ని ఆస్పత్రికి పంపి, అన్నాల వేళ అందరూ మెట్ల మీద చేరారు.

"గాలాడకపోతే అది బతకదని డాక్టరు మొన్ననే చెప్పాడు. పని మానితే దాని పిల్లలకు తిండి లేదు," అంది అక్క.

"అర్జీ పెడదామే," అన్నాడు మూటలు మోసే తాత.

"మూడు పెట్టాం. వాటితో దిండు కుట్టించుకున్నట్టున్నాడు!"

ఆ కోపంలోనూ నవ్వారు. "కిటికీలు మనమే తెరుద్దాం," అంది అక్క.

"తెరిస్తే పని పోదూ?"

"ఒక్కరం తెరిస్తే పోతుంది తాతా. అందరం తెరిస్తే రేపు కాయలెవరు కొడతారు? ఆయనా, ఆయన బావమరిదా?"

గంట కొట్టగానే ఆరు కిటికీలూ తెరుచుకున్నాయి. దూది వీధిన పడింది. ఏనాడూ గడప దాటి లోపలికి రాని కంట్రాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"మూయండి! తలుపు కూడా!"

"మూసేయండి, అయ్యగారు చెప్పారుగా," అంది అక్క.

అన్నీ మూసి కర్రలందుకున్నారు. గది తెల్లబడిపోయింది. కంట్రాక్టరు తుమ్మాడు, దగ్గాడు, కళ్ళు నలుపుకుంటూ తలుపు వెతుక్కున్నాడు. అక్కడ తాత నిలబడి ఉన్నాడు.

"తీస్తే దూది ఎగిరిపోతుందండయ్యా."

"తియ్యండ్రా, చచ్చిపోతున్నా!"

కర్రలు ఆగాయి. "అందరూ విన్నారుగా," అంటూ అక్కే తలుపు తీసింది.

గంటలో పోలీసులొచ్చి ఆమెను జీపెక్కించారు. కిటికీలు బిగించెయ్యమని కంట్రాక్టరు కేకేస్తే మేస్త్రీ సుత్తి, మేకులు పట్టుకుని లోపలికెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. బిగించడానికి రెక్కలేవీ? పన్నెండు రెక్కలూ ఆ సుత్తితోనే ఊడబెరికి జీపుకు అడ్డంగా రోడ్డు మీద పరిచారు. మిగిలిన ముప్పై ఎనిమిది మందీ వాటి మీద కూర్చున్నారు. డ్రైవరు ఎంత హారన్ కొట్టినా ఒక్కరూ లేవలేదు.