యంత్రానికి చెప్పిన మాటలు

చెవులకు హెడ్‌ఫోన్లు బిగించుకుని లుద్మిలా టైపు కొడుతూనే ఉంది. టేపులో మాట్లాడుతున్నది ఆమె భర్త స్తెఫాన్.

"ఈ సూత్రం వాడితే... ఊహూఁ, కుదర్లేదు. వెనక్కెళ్దాం. చివర్నుంచి చూస్తే?"

ఆ ఊహూఁలను కూడా వదలకుండా కొట్టాలి. తర్కంలో సిద్ధాంతాలను మనిషిలాగే ఆలోచించి రుజువు చేసే యంత్రాన్ని ఆమె టైపిస్టుగా పనిచేసే పిట్స్‌బర్గ్ కాలేజీ వాళ్ళు తయారుచేస్తున్నారు. మనిషి ఆలోచన ఎలా నడుస్తుందో తెలియడానికి మామూలు వాళ్ళకు తర్కం లెక్కలిచ్చి, మనసులో మెదిలిందల్లా పైకి అనమంటారు. ట్రాము డిపోలో మరమ్మతులు చేసే స్తెఫాన్‌ను ఆ పనికి కుదిర్చింది లుద్మిలాయే. ఇప్పుడు ఎందుకు కుదిర్చానా అనుకుంటోంది. ఇంట్లో ఏమడిగినా "ఆఁ" అనో "ఏం లేదు" అనో ముగించే మనిషి ఇక్కడ గంటల తరబడి వాగాడు.

పరిశోధకుడు నోలన్ యంత్రం అచ్చువేసిన కాగితం పట్టుకొచ్చాడు. "చూశారా మిసెస్ హ్రినాక్, మీ ఆయన ఎక్కడ వెనక్కి తిరిగాడో ఇదీ సరిగ్గా అక్కడే తిరిగింది. ఆయన మనసు దీనికి బాగా తెలిసిపోయింది."

"నాకంటే బాగానే," అంది లుద్మిలా.

అతను నవ్వాడు. ఆమె ఆ కాగితాన్ని సవతిని చూసినట్టు చూసి, మళ్ళీ టేపు పెట్టింది.

"ఈ దారీ మూసుకుపోయింది," అంటున్నాడు స్తెఫాన్. "మా లుద్మిలాతో మాట కలపాలన్నా ఇంతే. ఎట్నుంచి మొదలెట్టినా పోట్లాటలోనే తేలుతుంది. అందుకే ఊరుకుంటా. సరే, రెండో సూత్రం చూద్దాం."

ఆమె వేళ్ళు ఆగాయి. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వింది. ఆ ముక్క మాత్రం టైపు కొట్టలేదు. అది కూడా యంత్రానికి దక్కడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి స్తెఫాన్ క్యాబేజీ సూప్ తాగేసి, డ్యూటీకి వెళ్ళడానికి అన్నం డబ్బా పక్కన పెట్టుకుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు.

"ఏమాలోచిస్తున్నావ్?"

"ఏం లేదు."

"అక్కడ చెప్పినట్టు చెప్పు. తప్పైనా సరే. పోట్లాడనులే."

అతను లేసు ముడి బిగించాడు. "సూప్ బాగుందని చెబ్దామనుకున్నా. అంటే నిన్నటిది బాలేదా అంటావ్. ఊహూఁ. పోనీ, అలసిపోయావా అని అడుగుదామనుకున్నా. ముసలిదాన్నయ్యానా అంటావ్. అందుకని..."

"అంటాను, నిజమే." ఆమెకు నవ్వొచ్చింది. "ఇంకా?"

"ట్రాము వెళ్ళిపోతుంది. మిగతాది వచ్చాక చెబుతా."

ఆ సాయంత్రం డిపోలో చక్రం బిగిస్తూ బిగిస్తూ పక్కకు ఒరిగాడు. గుండె ఆగిందన్నారు.

ఖననం అయ్యాక లుద్మిలా మళ్ళీ పనికి వెళ్ళింది. పక్కగదిలో యంత్రం అచ్చం అతనిలాగే ఒక దారి పట్టి, కాదనుకుని, వెనక్కి తిరుగుతోంది. ఆ చప్పుడు వింటే ఆమెకు ఇంకా కడుపు మండుతూనే ఉంది.

డిపో వాళ్ళు తెచ్చిచ్చిన స్తెఫాన్ అన్నం డబ్బా ఇంట్లో వంటగది బల్ల మీదే ఉంది. అందులో ఆ రోజు అతను తినని, ఇంకా ఒలవని ఉడికిన గుడ్డు ఒకటి, చిన్న పొట్లంలో చిటికెడు ఉప్పు.